తరచుగా బాధించే అజీర్ణం – భోజనవేళల నియమం

కడుపు ఉబ్బరం, పుల్లని త్రేన్పులు, తిన్నది గుండెల మీదనే నిలిచినట్లుండుట, ఉదయం లేవగానే నాలుకపై తెల్లని పూత, పూట గడిచినా ఆకలి తెలియకపోవుట – ఈ లక్షణాలు ఏ పెండ్లి విందు తర్వాతనో ఒకనాడు కలిగితే చింతించవలసిన పని లేదు. ఒక పూట లంఖణం చేసి వేడినీరు త్రాగితే మరునాటికి సర్దుకుంటాయి. కాని ఇవే లక్షణాలు వారానికి రెండు మూడు సార్లు, నెలల తరబడి మరల మరల వస్తుంటే అది విందు చేసిన దోషం కాదు, నిత్యజీవితం చేస్తున్న దోషం. ఈ రెండవ విధమైన అజీర్ణాన్ని గురించియే ఈ వ్యాసం.

ఇటువంటి రోగులు నా వద్దకు వచ్చునప్పుడు సాధారణంగా ఒక సంచి తెస్తారు. అందులో రెండు మూడు రకాల చూర్ణాలు, ఒక సీసా ద్రావకం, గ్యాస్ మాత్రల అట్టలు ఉంటాయి. "ఏది వాడినా నాలుగు రోజులే గుణం, మరల మొదటికే వస్తున్నది" అంటారు. ఆ చూర్ణాలలో చాలవరకు మంచివే. దోషం వానిలో లేదు. అగ్ని ఒక ఆహారాన్ని పచనం చేస్తుండగా దాని మీద మరియొక ఆహారం వచ్చి పడుతున్నప్పుడు ఏ చూర్ణం మాత్రం ఏమి చేయగలదు? పొయ్యి మీద సగం ఉడికిన అన్నంలో మరల పచ్చి బియ్యం పోసి, పైన ఎంత మంట పెట్టినా ఆ కుండలోని అన్నం ఒక తీరుగా ఉడకదని ప్రతి గృహిణికీ తెలుసును. కడుపు విషయంలో మాత్రం ఈ సంగతి మరచిపోతాము.

మన శాస్త్రకారులు ఈ తప్పునకు "అధ్యశనం" అని పేరు పెట్టినారు. ముందు తిన్నది జీర్ణం కాకమునుపే మరల తినుట అధ్యశనం. వేళ తప్పి తినుట, ఒకనాడు అధికంగా ఒకనాడు అత్యల్పంగా తినుట విషమాశనం. పథ్యమైనదీ అపథ్యమైనదీ కలిపి తినుట సమశనం. ఈ మూడింటినీ చరకుడు గ్రహణీ రోగ చికిత్సను చెప్పిన అధ్యాయంలోనే చెప్పినాడు. ఇవి వ్యాధులను కలిగించునవని హెచ్చరించినాడు. నా అనుభవంలో నేటి మధ్యతరగతి కుటుంబాలలో మూడవదానికన్న మొదటి రెండే అధికంగా కనిపిస్తున్నవి.

ఒక జాము, రెండు జాములు

గోదావరి తీరాన గురువుగారి ఇంట చదువుకొన్న రోజులలో మాకు మొదట నేర్పిన పథ్యసూత్రాలలో ఒకటి జాము లెక్క. జాము అంటే మూడు గంటలు. ఒకసారి భుజించిన పిమ్మట ఒక జాము గడవనిదే మరల తినరాదు. రెండు జాములు దాటి ఆకలితో ఉండనూ రాదు. జాము లోపల తింటే అపక్వమైన రసం క్షోభిస్తుంది. రెండు జాములు దాటితే బలం క్షీణిస్తుంది. అనగా పగటివేళ రెండు ఆహారాల నడుమ ఎడం మూడు గంటలకు తగ్గరాదు, ఆరు గంటలకు మించరాదు. మంత్రమేమీ కాదు, వంటింటి గడియారమే చాలును.

ఈ లెక్క ఎంత సరియైనదో పాశ్చాత్యులకు ఒక విచిత్రమైన సంఘటన వల్ల తెలిసివచ్చింది. 1822లో అమెరికాలో సెయింట్ మార్టిన్ అనే యువకునికి ప్రమాదవశాత్తు తుపాకి పేలి కడుపునకు గాయమైంది. గాయం మానింది గాని, జీర్ణాశయానికి బయటినుండి ఒక రంధ్రం శాశ్వతంగా మిగిలిపోయింది. అతనికి చికిత్స చేసిన సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ ఆ రంధ్రం గుండా సంవత్సరాల తరబడి జీర్ణక్రియను కంటితో చూచి, 1833లో గ్రంథం ప్రకటించినాడు. మాంసం, రొట్టెలతో కూడిన మితభోజనం కడుపు విడిచి పోవుటకు మూడు నుండి మూడున్నర గంటలు పడుతున్నదని అతడు లెక్క కట్టినాడు. మన జాము లెక్కకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. ఆ రోగి కోపగించినప్పుడు జీర్ణాశయం తీరు మారుతుండుటను కూడా అతడు గమనించినాడు. చింత, శోకం, భయం, క్రోధం, రాత్రి జాగరణ – వీనివల్ల మితంగా తిన్న పథ్యాహారం కూడా జీర్ణం కాదని చరకసంహిత విమానస్థానంలో ఉన్నది.

నేటి వైద్యశాస్త్రం మరియొక సంగతిని కూడా కనుగొన్నది. కడుపు, చిన్నప్రేవులు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 90 నిమిషాల నుండి రెండు గంటలకు ఒకసారి బలమైన కదలిక అల వలె పుట్టి, మిగిలిన ఆహారపు తునకలను, జిగురును క్రిందికి ఊడ్చివేస్తుంది. ఇల్లాలు రెండు వంటల నడుమ పొయ్యిగట్టు తుడుచుకొన్నట్లు. నోటిలో ఏమైనా పడి కడుపునకు చేరగానే ఆ ఊడ్పు ఆగిపోతుంది. రోజంతయు ఏదో ఒకటి నములుచుండువారి కడుపులో ఆ చీపురు పని చేయుటకు తీరిక ఎక్కడ?

తిన్నది ఎన్నిసార్లు?

కిషన్‌బాగ్‌లో, జంతుప్రదర్శనశాలకు, మూసీనదికి నడుమనున్న ఈ పేటలో నా వైద్యశాలకు వచ్చువారిలో ఉద్యోగులు, దుకాణదారులు, ఆటోలు నడుపువారు, గృహిణులు, హిందువులు, ముస్లిములు అందరూ ఉన్నారు. సగంమంది నన్ను "వైద్యులుగారూ" అంటారు, సగంమంది "హకీం సాబ్" అంటారు. ఎవరిని అడిగినా "మూడు పూటలే తింటున్నాము" అనియే సమాధానం. అందువల్ల నేను నోటిమాటను అంగీకరించక, ప్రతివారికీ ఏడు రోజులపాటు ఒక కాగితంపై గంట, నోటిలో పడిన వస్తువు – ఈ రెండే వ్రాసుకొని రమ్మంటాను.

ఆ మధ్య చార్మినార్ దగ్గర బట్టల దుకాణంలో లెక్కలు వ్రాసే ఒక పెద్దమనిషి అట్టి కాగితం తెచ్చినాడు. ఉదయం ఆరున్నరకు రెండు బిస్కెట్లతో చాయ్. ఎనిమిదిన్నరకు ఉప్మా. పదిన్నరకు దుకాణంలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. పన్నెండు గంటలకు గిరాకీ వచ్చినాడని మరల చాయ్. రెండున్నరకు భోజనం. నాలుగింటికి చాయ్, ఐదున్నరకు ఎవరో తెప్పించిన మిర్చీ బజ్జీలు రెండు. ఏడింటికి చాయ్. రాత్రి పదకొండింటికి భోజనం, దాని మీద అరటిపండు, పావుగంటలో పడక. తొమ్మిది పర్యాయాలు! "నేను తిన్నది మూడు మార్లే కదా, మిగిలినది చాయ్ ఏ కదా" అని ఆయన వాదన.

ఇక్కడనే చాలామంది పొరబడుతున్నారు. మన నగరంలో త్రాగే చాయ్ నీళ్ళ వంటిది కాదు. చిక్కగా కాచిన పాలు, పంచదార కలిసినది. శాస్త్రరీత్యా పాలు గురువు, అనగా ఆలస్యంగా జీర్ణమగు పదార్థం. అది ఆహారమే, పానీయం కాదు. మంచినీరు, గోరువెచ్చని నీరు, జీలకర్ర కాచిన నీరు – వీనిని తప్ప పాలు, పంచదార కలిసిన ప్రతి గుటకనూ ఆహారంగానే లెక్కించవలెను. ఆ పెద్దమనిషికి మందేమీ ఇవ్వలేదు. చాయ్‌లు రెండు ఉంచి, ఆ రెండింటినీ ఉప్మాతోపాటు ఒకటి, సాయంకాలపు అల్పాహారంతోపాటు ఒకటిగా జత చేసినాను. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు దుకాణంలోనే డబ్బాలో తెప్పించుకొని తినుమన్నాను. మూడు వారాలలో పుల్లని త్రేన్పులు తగ్గినవి. చాయ్ మానుటకన్న డబ్బా తెప్పించుకొనుటయే ఆయనకు కష్టంగా తోచిందట, దుకాణంలో నలుగురి ముందు తినుటకు మొగమాటం!

దీనికి పూర్తిగా ఎదురైన తప్పును గృహిణులు చేస్తుంటారు. తెల్లవారి లేచి ఒక కప్పు కాఫీ, పిల్లల డబ్బాలు, పూజ, వంట, బట్టలు. అందరి భోజనాలయి, తాను విస్తరి ముందు కూర్చొనేసరికి మధ్యాహ్నం రెండున్నర. అనగా ముందు రాత్రి తొమ్మిదింటి నుండి లెక్కిస్తే పదిహేడు గంటలకు పైగా కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు. అప్పుడు తల తిరుగుచుండగా ఆత్రంగా, అధికంగా తింటుంది. సాయంకాలానికి కడుపు బండ. రాత్రి ఆకలి లేదని రెండు ముద్దలు. ఇది రెండు జాములు దాటుట వలన కలిగిన విషమాశనం. ఇట్టి తల్లులకు ఉపవాసం ఔషధం కాదు. ఉదయం తొమ్మిది లోపల, ఇంట్లో ఎవరు తిన్నా తినకున్నా, ఒక గిన్నెడు జావ గాని రెండు ఇడ్లీలు గాని తినవలెనని చెప్పి, ఆ మాటను భర్తకు, అత్తగారికి వినిపించేటట్లు చెబుతాను. రోగికి ఒక్కతెకే చెబితే అది జరుగదు.

జీర్ణమైనదని తెలియుట ఎట్లు?

గడియారం ఒక ఆధారం, శరీరం మరియొక ఆధారం. రెండూ కలిసినప్పుడే తినవలెను. తిన్నది జీర్ణమైనప్పుడు త్రేన్పులో ఆహారపు వాసన, రుచి ఉండవు. మనస్సునకు ఉత్సాహం, ఒంటికి తేలికదనం కలుగుతాయి. మలమూత్రాదులు సహజంగా వెడలుతాయి. ఆకలి, దప్పిక స్పష్టంగా తెలుస్తాయి. నాలుగు గంటలు గడిచినా త్రేన్పులో పప్పు వాసన వస్తుంటే, గడియారం ఏమి చెప్పినా ఆగవలసినదే. అయితే దీనికి ఒక సడలింపు ఉన్నది. పగటి భోజనం కొంత మిగిలి ఉన్నను రాత్రి లఘువుగా తినుటలో అంత దోషం లేదు. కాని రాత్రి భోజనం జీర్ణం కాక ఉదయం కడుపు బరువుగా ఉన్నప్పుడు మాత్రం తినరాదు. పగలు నడక, పని, సూర్యుని వేడి జీర్ణానికి తోడ్పడతాయి. రాత్రి నిద్రలో ఆ తోడ్పాటు ఉండదు.

అగ్నిని బట్టి వేళలు

ఒకే కాలపట్టిక అందరికీ పనికిరాదు. ఆకలి లేచే తీరును బట్టి మనుష్యులను గుర్తించవలెను.

ఒకనాడు బాగుగా ఆకలి, ఒకనాడు అసలు లేకపోవుట, ఉబ్బరం, ప్రేవులలో గుడగుడ, మలబద్ధం – ఇవి విషమాగ్ని లక్షణాలు, వాతప్రధానం. వీరికి కావలసినది తక్కువ తినుట కాదు, ఒకే వేళకు తినుట. ఉదయం 8, మధ్యాహ్నం 1, రాత్రి 7 గంటలు అని నిర్ణయించుకొంటే ఆదివారం కూడా అవే వేళలు. ఆహారం వేడిగా, కొద్దిపాటి నేతితో ఉండవలెను. చల్లని మిగులు అన్నం, అటుకులు, మరమరాలు, పచ్చి మొలకలు, శనగపిండి వంటలు వీరికి పడవు. జొన్నరొట్టె తినే అలవాటున్నవారు వేడివేడిగా, నేయి రాచుకొని, ద్రవంగా ఉన్న కూరతో తినవలెను.

ఆకలి ఆగనీయకుండుట, వేళ తప్పితే కడుపులో మంట, తలనొప్పి, చిరాకు, పుల్లని నీరు గొంతులోనికి వచ్చుట – ఇవి పిత్తప్రధానమైన వారికి. వీరే నాలుగు గంటలకొకసారి కొంచెం కొంచెం తినదగినవారు. "కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి" అని డాక్టర్లు చెప్పే మాట వీరికి చక్కగా సరిపోతుంది. కాని ఆ మాటలోని మొదటి సగాన్ని మరచి రెండవ సగాన్నే పాటించువారు అధికం. ఆరుసార్లు తింటూ, ఆరుసార్లూ కడుపు నిండ తింటే అది వైద్యుని సలహా కాదు. ఎక్కువసార్లు తినువారు మొత్తం ఆహారాన్ని పెంచరాదు, ఉన్నదానిని పంచుకొనవలెను. అప్పుడైనను మూడు గంటల ఎడం తప్పరాదు. చింతపండు పులుసు, ఊరగాయ, పచ్చిమిరపకారం, ఖాళీ కడుపున కాఫీ తగ్గించవలెను. రాత్రి భోజనానికి, పడకకు నడుమ మూడు గంటల వ్యవధి ఉండవలెను. తలవైపు మంచం కోళ్ళ క్రింద చెక్కదిమ్మెలు ఉంచి కొంచెం ఎత్తు చేసుకొనుట, ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొనుట మంచిది.

మూడవవారు మందాగ్ని గలవారు. కొద్దిగా తిన్నా బరువు, నోటిలో నీరూరుట, బద్ధకం, తిన్నవెంటనే నిద్ర. కఫప్రధానం. వీరికి ఐదారు గంటల ఎడం మంచిది. రెండు భోజనాలు, ఉదయం పలుచని జావ చాలును. మధ్యలో పండ్లు, పాలు, బిస్కెట్లు అక్కరలేదు. పగటినిద్ర మానవలెను.

ఈ మూడూ లేక తిన్నది వేళకు అరిగి, వేళకు ఆకలి వేయువారిది సమాగ్ని. వారు ఈ వ్యాసం చదువనక్కరలేదు.

ఎంత, ఏమి

కడుపును నాలుగు భాగాలుగా భావించి, రెండు భాగాలు ఘనాహారంతోను, ఒక భాగం ద్రవంతోను నింపి, నాల్గవ భాగాన్ని వాయువు సంచారానికి విడువవలెనని వాగ్భటుడు చెప్పినాడు. ఆచరణలో దీని అర్థం, ఇంకొక ముద్ద తినగలను అనిపించునప్పుడే లేచుట. నీరు భోజనం మధ్యలో గుక్కెడు గుక్కెడుగా త్రాగవలెను. ఫ్రిజ్ నీరు వద్దు. భోజనం తర్వాత నూరడుగులు నెమ్మదిగా నడచి, కొంచెంసేపు ఎడమ ప్రక్కకు ఒరగవచ్చును, కాని నిద్రించరాదు.

తరచు అజీర్ణం గలవారు ఆరు వారాలపాటు ఈ పదార్థాలను ఆశ్రయించవలెను: ఒక సంవత్సరం పాతబడిన బియ్యం, పెసరపప్పు కట్టు, బీర, పొట్ల, సొరకాయలు, లేత ముల్లంగి, కంద, కరివేపాకు, అల్లం, జీలకర్ర, వెన్న తీసిన పలుచని మజ్జిగ. ఇడ్లీ తేలిక అని అందరి నమ్మకం. ఆవిరిపై ఉడుకుట చేత దోసె కన్న మేలే. కాని అందులోని మినుములు గురుద్రవ్యం. రెండు ఇడ్లీలు తేలిక, ఆరు ఇడ్లీలు తేలిక కాదు. పెరుగును రాత్రి వాడరాదు, వేడి చేయరాదు. పగలు మజ్జిగగా చిలికి, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు సైంధవ లవణం కలిపి భోజనం చివర త్రాగితే ఆకలి పుడుతుంది. కడుపులో మంట, పుండు గలవారికి, మండువేసవిలోను పుల్లని మజ్జిగ తగదు. పాలలో పుల్లని పండ్లు కలిపి చేసిన పానీయాలు, పండ్ల మిశ్రమాలు నగరంలో వీధివీధినా దొరుకుతున్నవి. అవి విరుద్ధాహారాలు.

శనివారం ఒంటిపూట విషయం కూడా చెప్పవలెను. పగలు ఒక పూట భోజనం, రాత్రి "టిఫిన్" అని మన ఇళ్ళలో ఆచారం. అన్నం మానినామన్న ధైర్యంతో రాత్రి తొమ్మిదింటికి నూనె ఓడే పూరీలో, నాలుగు పెసరట్లు ఉప్మాతోనో తింటే అన్నం, చారు తిన్నదానికన్న బరువు. ఒంటిపూట ఉద్దేశం నెరవేరవలెనంటే రాత్రి పలుచని జావ గాని మజ్జిగ గాని చాలును.

వర్షాకాలంలో అగ్ని సహజంగానే మందగిస్తుంది. మన భాగ్యనగరంలో బోనాల విందులు వచ్చేది సరిగా ఆషాఢంలోనే. అమ్మవారి ప్రసాదం, బంధువుల ఇంటి మాంసాహారం కాదనలేము. ఆనాడు మధ్యాహ్నం విందు అయితే రాత్రి లంఖణం, మరునాడు ఉదయం శొంఠి, ధనియాల కషాయం – ఇంత చేసుకొంటే విందు రోగం కాదు.

రంజాను మాసంలో నా వద్దకు వచ్చే ముస్లిం సోదరుల బాధ వేరు. ఉపవాసం పగలంతా సాగుతుంది గనుక జాము లెక్క వారికి వర్తించదు. బాధ కలిగించునది ఉపవాసం కాదు, దానిని విడిచే తీరు. ఖర్జూరం, నీరు, పలుచని షోర్బా తీసుకొని, నమాజు చేసుకొని వచ్చిన తర్వాత నెమ్మదిగా భోజనం చేసినవారికి ఏ బాధా లేదు. పకోడీలు, హలీం, బిర్యానీ ఒక్క గంటలోనే కానిచ్చి, మరల అర్ధరాత్రి దుకాణాల వెంట తిరిగి తిన్నవారికే ఆమ్లపిత్తం. సహరీలో తిన్నవెంటనే పడుకొనవద్దని చెబుతాను. యునానీ హకీములు అజీర్ణానికి ఇచ్చే జవారిష్ కమూనీలో ముఖ్యద్రవ్యం జీలకర్రయే. మన వంటింటి మందు, వారి మందు ఒకటే పోపుడబ్బా నుండి వచ్చినవి!

గృహవైద్యం

వేళలు సరిదిద్దుకొన్న తర్వాతనే వీనిని వాడవలెను. ముందు వాడితే ప్రయోజనం స్వల్పం.

ఆకలి లేక, నాలుక పూతతో ఒళ్ళు బరువుగా ఉన్నప్పుడు అది ఆమాజీర్ణం. ఒక పూట లంఖణం చేసి, శొంఠి, ధనియాలు ఒక్కొక్క చెంచా నలగగొట్టి నాలుగు గ్లాసుల నీటిలో వేసి సగానికి మరిగించి, వెచ్చగా కొంచెం కొంచెం త్రాగవలెను. ఆకలి పుట్టిన పిమ్మట పలుచని గంజి, తదుపరి పూట చిక్కని జావ, మూడవ పూట మెత్తని అన్నం, పెసరకట్టు. "లంఖణం పరమౌషధం" అన్న మాటకు ఇక్కడనే చోటు. బలహీనులకు, గర్భిణులకు, వృద్ధులకు, పసివారికి, పైన చెప్పిన పిత్తప్రకృతివారికి పూర్తి లంఖణం వద్దు, పలుచని జావయే వారికి లంఖణం.

ఉబ్బరం, వాయువు ప్రధానమైన విష్టబ్ధాజీర్ణంలో హింగ్వష్టక చూర్ణం శ్రేష్ఠం. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్లజీలకర్ర, నేతిలో వేయించిన ఇంగువ – ఈ ఎనిమిదింటిని సమభాగాలుగా చూర్ణించి, ఒకటి రెండు గ్రాముల పొడిని మొదటి ముద్ద అన్నంలో నేతితో కలిపి తినవలెను. భోజనమైన తర్వాత నీటితో మింగుట కాదు, మొదటి ముద్దలోనే. కడుపుపై వేడినీటి కాపడం కూడా మేలు చేస్తుంది. రక్తపోటు గలవారు ఇందులో లవణం ఉన్నదని గుర్తుంచుకొనవలెను. రోజంతా తినే ఉప్పు మొత్తం 5 గ్రాములకు మించరాదని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సలహా.

మంట, పుల్లని త్రేన్పులు గల విదగ్ధాజీర్ణంలో ఈ చూర్ణం కూడదు, మంట పెరుగుతుంది. రెండు చెంచాల ధనియాలు నలగగొట్టి రాత్రి గ్లాసు నీటిలో నానబెట్టి, ఉదయం వడకట్టి కొద్దిగా పటికబెల్లం కలిపి త్రాగవలెను. మధుమేహం గలవారు పటికబెల్లం లేకుండా త్రాగవలెను.

త్రేన్పు శుభ్రంగా ఉండి కూడా అన్నమంటే అయిష్టం, గుండెలలో బరువు ఉంటే అది రసశేషాజీర్ణం. దీనికి మాత్రం తినకమునుపు పగటిపూట కొంచెంసేపు నిద్రించుమని సుశ్రుతుడు చెప్పినాడు. పగటినిద్రను మెచ్చుకొన్న చోట్లు మన శాస్త్రంలో అరుదు, అందులో ఇది ఒకటి.

ఇది గ్యాస్ కాదు

పాఠకులు ఈ భాగాన్ని రెండుసార్లు చదువవలెనని కోరుతున్నాను. ఛాతీ మధ్యలో బిగబట్టినట్లుండి, ఎడమచేతికి, దవడకు, వీపునకు ప్రాకే నొప్పి, చెమటలు, ఆయాసం, వికారం కలిగితే అది గ్యాస్ అనుకొని సోడా త్రాగుతూ, వాము నములుతూ ఇంటిలో కూర్చొనరాదు. అది గుండెపోటు కావచ్చును. మధుమేహం గలవారిలోను, స్త్రీలలోను నొప్పి అంతగా లేక, కేవలం కడుపు ఉబ్బరం, నీరసం రూపంలోనే గుండెపోటు రావచ్చును. ఆ వేళ నా వద్దకు కూడా రావద్దు. 108కి ఫోను చేసి, గుండె వైద్యం ఉన్న ఆసుపత్రికి వెళ్ళవలెను. ఇక్కడ పోయిన అరగంట మరల రాదు.

మరికొన్ని గుర్తులున్నవి. కారణం లేకుండా బరువు తగ్గుట, మింగునప్పుడు అడ్డుపడుట, నల్లని తారు వంటి మలం, రక్తపు వాంతి, మరల మరల వాంతులు, రక్తహీనత, కళ్ళు పచ్చబడుట. యాభై యేళ్ళు దాటిన తర్వాత క్రొత్తగా మొదలై వదలని అజీర్ణం కూడ ఇట్టిదే. వీనిలో ఏ ఒక్కటి ఉన్నను ముందు పరీక్ష, తర్వాత పథ్యం. కడుపులో పుండ్లకు చాలమందిలో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి కారణమని 1980ల మొదట ఆస్ట్రేలియాలో కనుగొన్న బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను వైద్యులకు 2005లో నోబెల్ బహుమానం లభించింది. ఆ క్రిమి ఉన్నదని తేలినప్పుడు దానికి నిర్ణీతకాలపు మందులు వాడవలసినదే. వేళకు తినుట వల్ల ఆ క్రిమి పోదు. అట్లే మోకాళ్ళ నొప్పులకని సొంతంగా కొనుక్కొని మింగే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు కలిగిస్తాయి. అజీర్ణమని వచ్చిన వృద్ధులను నేను మొదట అడుగునది ఈ మాత్రల గురించియే.

చాలా కాలంగా ఉదయం పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకొనుచున్నవారు ఈ వ్యాసం చదివి రేపటినుండే మానివేయరాదు. హఠాత్తుగా మానితే ఆమ్లం మునుపటికన్న అధికంగా పొంగి, మాత్ర లేనిదే బ్రతుకలేమన్న భ్రమ కలుగుతుంది. ముందు ఆరు వారాలు వేళలు సరిదిద్దుకొని, పిదప మాత్ర వ్రాసిన డాక్టరుతో చెప్పి క్రమంగా తగ్గించుకొనవలెను. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడుచున్నవారు భోజనవేళలను మార్చదలచినచో మందు వేళలను కూడా వైద్యునితో మార్పించుకొనవలెను. మందు పాతవేళకు, భోజనం క్రొత్తవేళకు అయితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

మొదటివారం కాగితంపై వ్రాయుటతోనే గడపండి. ఏ మార్పూ చేయవద్దు. రెండవవారం రాత్రి భోజనాన్ని మాత్రమే అరగంట ముందుకు జరపండి. మూడవవారం ఆహారాల నడుమ పడుచున్న చాయ్‌లను ఒక్కొక్కటిగా తీసివేయండి. అన్నీ ఒకేనాడు మార్చదలచినవారు నాల్గవనాటికి పాత అలవాటునకే వెళ్ళుటను చాలసార్లు చూచినాను.